పెండ్లి పందిట్లో సంతోష స్వరం

చదువవలసిన భాగాలు: యిర్మీయా 33:10–11, మత్తయి 11:16–17, యోహాను 2:1–11





యిర్మీయా గ్రంథంలో ఒక హెచ్చరిక మాటిమాటికి వినిపిస్తుంది. పెండ్లికుమారుని స్వరం, పెండ్లికుమార్తె స్వరం ఆ దేశంలో లేకుండా చేస్తానని దేవుడు చెప్పాడు. 7వ అధ్యాయం చివర ఒకసారి, 16వ అధ్యాయంలో ఒకసారి, 25వ అధ్యాయంలో మరొకసారి ఆ మాట ఉన్నది. 25వ అధ్యాయంలో పెండ్లి స్వరం పక్కనే తిరగలి చప్పుడును, దీపపు వెలుగును కూడా చేర్చాడు. ఊరు పాడైపోయిందని ఎలా తెలుస్తుంది? తెల్లవారుజామున తిరగలి వినబడదు, రాత్రి దీపం కనబడదు, పందిరి వేసి పాట పాడేవారు ఉండరు. పల్లెలో పుట్టినవారికి ఈ గుర్తులు వేరే చెప్పనక్కరలేదు.

అయితే 33వ అధ్యాయానికి వచ్చేసరికి అదే దేవుడు అదే మాటను వాగ్దానంగా మార్చాడు. మనుషులు లేరు, పశువులు లేవు అని జనులు చెప్పుకొనే ఆ చోటనే సంతోష స్వరం తిరిగి వినబడుతుందన్నాడు. యూదులు ఈ వాగ్దానాన్ని గట్టిగా పట్టుకొన్నారు. వారి పెండ్లిలో ఏడు ఆశీర్వచనాలు పలుకుతారు. ఏడవదానిలో యిర్మీయా చెప్పిన ఈ వాగ్దానమే ఉంటుంది. దానికి కట్టిన పాటలు నేటికీ వారి పెండ్లిండ్లలో మార్మోగుతాయి.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు ఎత్తుకొన్నామంటే, నందిగామ మెట్ట ప్రాంతం నుండి ఒక సహోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. వేసవిలో వారి అబ్బాయి పెండ్లి. కుర్రవాళ్ళు డీజే కావాలంటున్నారు. వియ్యాలవారు ఏ వాయిద్యమూ వద్దు, గుడిలో కీబోర్డు ఉంటే చాలు అంటున్నారు. ఇంట్లో ముసలి మామగారు ఉన్నారు. ఆయన పడుచుతనంలో మంచి డప్పుగాడు. బాప్తిస్మం పొందిన నాడు డప్పును అటకమీద పెట్టేశారు. "మనవడి పెండ్లిలో ఒక్కసారి డప్పు వినాలని ఉన్నది" అని ఆయన అడిగారట. సంఘంలో కొందరు అది విశ్వాసులకు తగదన్నారు. "ఎవరి మాట వినాలి?" అని ఆ తల్లి ప్రశ్న.

జవాబు చెప్పేముందు, యిర్మీయా వాగ్దానాన్ని నమ్ముకొన్న ఆ జనులు తమ పెండ్లి పాటను ఎలా కాపాడుకొన్నారో చూద్దాం.

మిర్యాము చేతిలో ఉన్నది ఏది?

నిర్గమకాండము 15వ అధ్యాయంలో ఎర్రసముద్రం దాటిన తరువాత మిర్యాము చేతపట్టిన వాయిద్యాన్ని మన తెలుగు బైబిలు "తంబుర" అన్నది. తంబుర అనగానే మనకు తీగెలు మీటే తంబురా జ్ఞాపకం వస్తుంది. హెబ్రీ మూలంలోని మాట "తోఫ్". అది తీగెల వాయిద్యం కాదు. గుండ్రని చట్రానికి తోలు బిగించి చేతితో వాయించే పలక వాయిద్యం. చూపుకు మన కంజీరకు, డప్పుకు దగ్గరి చుట్టం. ఆదికాండము 31:27లో లాబాను యాకోబుతో, చెప్పి ఉంటే నిన్ను పాటలతో వాయిద్యాలతో సాగనంపేవాడిని గదా అని నిష్ఠూరమాడాడు. అక్కడ కూడా మూలంలో ఉన్నది ఈ తోఫ్ అనే మాటే. కూతుళ్ళను అత్తవారింటికి పంపేటప్పుడు పాట, తోలు వాయిద్యం ఉండడం అంత పాత మర్యాద అన్నమాట.

క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయాన్ని కూల్చివేశారు. ఆ దుఃఖానికి గుర్తుగా యూదుల బోధకులు వాయిద్యాలను చాలావరకు మాన్పించారు. పాత ఆచారం పాటించే సమాజమందిరాలలో విశ్రాంతిదినాన ఇప్పటికీ వాయిద్యం ఉండదు. కాని పెండ్లికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. వధూవరులను సంతోషపెట్టడం దేవుడు మెచ్చే పని అని వారి బోధ.

తల్మూదు అనే వారి గ్రంథంలో దీనిమీద ఒక చర్చ ఉన్నది. పెండ్లికూతురి ముందు ఆడేటప్పుడు ఆమెను ఏమని పొగడాలి? షమ్మయి శిష్యులు ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నారు. హిల్లేలు శిష్యులు అలా కాదు, ప్రతి పెండ్లికూతురూ అందగత్తే, గుణవంతురాలే అని పాడాలన్నారు. యూదా బర్ ఇలాయి అనే గొప్ప బోధకుడు గొంజిచెట్టు కొమ్మ చేతపట్టి పెండ్లికూతురి ముందు తానే ఆడేవాడట. పెండ్లికుమారుడు గాజు పాత్రను కాలితో తొక్కి పగులగొట్టే ఆచారం కూడా వారిలో ఉన్నది. ఎంత సంతోషంలోనైనా కూలిపోయిన యెరూషలేమును మరువకూడదని దాని అర్థం చెబుతారు.

క్లెజ్మెర్ అనే పెండ్లి మేళం

చెదరిపోయిన యూదులలో చాలామంది కొన్ని వందల ఏండ్లపాటు పోలెండు, యుక్రెయిను, రుమేనియా, లిథువేనియా దేశాల చిన్న చిన్న ఊళ్ళలో బ్రతికారు. వారి ఇంటి భాష ఇద్దిష్. మాట చాలావరకు జర్మను, లిపి హెబ్రీ. ఆ ఊళ్ళలో పెండ్లికి వాయించేవారిని "క్లెజ్మెర్" అనేవారు. హెబ్రీలో "క్లీ" అంటే పనిముట్టు, "జెమెర్" అంటే పాట. పాటకు పనిముట్లు అయినవారు అని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆ సంగీతానికే ఆ పేరు స్థిరపడింది.

వారి మేళంలో ఫిడేలు పెద్దది. దానికి తోడు పరచిన తీగెలను సన్నని కర్రలతో కొట్టే సంతూరు వంటి వాయిద్యం, పిల్లనగ్రోవి, బాసు ఫిడేలు, డోలు. 19వ శతాబ్దంలో క్లారినెట్టు వచ్చి ఫిడేలు పక్కన నిలబడింది. మన బ్యాండు మేళంలో పాట ఎత్తుకొనే క్లారినెట్టు ఉన్నదే, అదే. మనిషి వెక్కివెక్కి ఏడ్చినట్టు స్వరాన్ని విరిచి పలికించడం వారి ప్రత్యేకత. సమాజమందిరంలో ప్రార్థన చదివే గొంతులోని బాధే ఆ వాయిద్యంలోకి వచ్చింది.

వారి పెండ్లిలో ఒక్కొక్క ఘట్టానికి ఒక్కొక్క పాట ఉండేది. అవి చదువుతుంటే మన ఇంటి పెండ్లి కండ్లముందు కదులుతుంది.

వియ్యాలవారిని వీధిలో ఎదుర్కొని వాయిద్యాలతో ఇంటికి తీసుకొని రావడం ఉండేది. మన ఎదురుకోలు అదే గదా. పెండ్లికి ముందు వధువును కుర్చీలో కూర్చోబెట్టి, "బద్ఖన్" అనే మాటకారి ఆమె తల్లిదండ్రులను, చనిపోయిన అవ్వాతాతలను తలచుకొంటూ అప్పటికప్పుడు పద్యాలు కట్టేవాడు. ఫిడేలు మెల్లగా పలికేది. అక్కడున్న ఆడవారందరూ కండ్లు తుడుచుకొనేవారు. మన అప్పగింతల పాట వినివినీ ఏడవని తల్లి ఎవరు?

మరొక ఆట పేరు "బ్రోయ్‌గెజ్ తాంట్స్", అంటే అలక ఆట. ఇద్దరు వియ్యపురాళ్ళు లేచి, ఒకరిమీద ఒకరు అలిగినట్టు ముఖాలు తిప్పుకొని ఆడేవారు. ఒకామె బ్రతిమాలితే ఇంకొకామె బిగుసుకొనేది. చివరకు కౌగిలించుకొనేవారు. రేపు నిజంగా రాబోయే తగవును ముందే ఆటగా ఆడి నవ్వేసి, తీర్చేసుకోవడం అది. మన పల్లెల్లో వియ్యపురాలిని ఎత్తిపొడిచే పాటలు ఎందుకు పుట్టాయో దీనినిబట్టి తెలుసుకోవచ్చు. ఇంకొక ఆటలో ఒక పెద్ద ముత్తైదువ జడలా అల్లిన రొట్టెను పట్టుకొని కొత్త జంట ముందు ఆడేది. ఆ ఇంట రొట్టెకు కొదువ లేకుండా ఉండాలని దీవెన. ఆఖరి బిడ్డ పెండ్లి అయితే, బాధ్యత తీర్చుకొన్న తల్లిదండ్రులను నడుమ కూర్చోబెట్టి బంధువులు చుట్టూ తిరిగి ఆడేవారు. ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు ఆడడం వారి కట్టడి.

ఇంత సంతోషం పంచిన ఆ వాయిద్యకారులకు దక్కిన గౌరవం తక్కువ. తండ్రినుండి కొడుకుకు వచ్చే వృత్తి. ఆడించుకొన్నవారు వేసిన చిల్లర డబ్బులే కూలి. పెండ్లిండ్లు లేని రోజుల్లో కొందరు క్షురకులుగా పని చేసేవారు. మన ఊళ్ళలో సన్నాయి డోలు వాయించేవారి సంగతి తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. పెండ్లికి వారు లేనిదే గడవదు, పెండ్లి అయ్యాక వారిని తలచేవారు లేరు. అక్కడా ఇక్కడా లోకం తీరు ఒక్కటే.

ఇంకొక సంగతి గమనించాలి. ఆ రాగాలు దావీదు కాలంనుండి దిగివచ్చినవి కావు. రుమేనియా గొర్రెల కాపరుల రాగం, యుక్రెయిను రైతుల ఆట, జిప్సీల వాయింపు, ఇవన్నీ పొరుగువారినుండి వారు నేర్చుకొన్నారు. నేర్చుకొన్నదానిని దేవుని ఎదుట చేసే పెండ్లికి వాడి తమదిగా చేసుకొన్నారు.

స్వరం ఆగిపోయిన కాలం

1881 మొదలు 1924 వరకు లక్షలాది యూదులు అమెరికాకు వలసపోయారు. వారితో వాయిద్యకారులూ వెళ్ళారు. నఫ్తులే బ్రాండ్‌వైన్ (1884–1963), డేవ్ టారస్ (1897–1989) అనే ఇద్దరు క్లారినెట్టు విద్వాంసులు న్యూయార్కులో గ్రామఫోను రికార్డులు ఇచ్చారు. అయితే అక్కడ పుట్టిన పిల్లలు కొత్త ఫ్యాషను పాటలకు అలవాటుపడ్డారు. తాతల పాటంటే నామోషీ పడ్డారు.

ఐరోపాలో ఉండిపోయినవారి గతి వేరు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హిట్లరు ప్రభుత్వం సుమారు 60 లక్షలమంది యూదులను చంపించింది. వాయించినవారు, వాయించమని పిలిచినవారు, ఆ పందిళ్ళు నిలిచిన ఊళ్ళు అన్నీ పోయాయి. యిర్మీయా 25వ అధ్యాయం మాటలు కండ్లెదుట జరిగినట్టే అయింది. బ్రాండ్‌వైన్ కుటుంబపువాడు లియోపోల్డ్ కొజ్లోవ్‌స్కీ తన తల్లిని, తండ్రిని, తమ్ముణ్ణి పోగొట్టుకొని ఒంటరిగా మిగిలాడు. పోలెండులోనే ఉండి ఆ సంగీతాన్ని చిన్నవారికి నేర్పుతూ 2019లో నూరేండ్ల వయసులో కన్నుమూశాడు.

ముందుచూపుగలవారు కొందరు లేకపోతే ఆ పాట అంతటితో పోయేదే. 1912 నుండి 1914 వరకు అన్‌స్కీ అనే రచయిత బృందంతో యుక్రెయిను పల్లెలు తిరిగి, ముసలివారి పాటలను మైనపు గొట్టాలమీద పట్టించాడు. తరువాత కీవ్ నగరంలో మోషే బెరెగోవ్‌స్కీ (1892–1961) ఆ పనిని కొనసాగించాడు. సోవియట్ ప్రభుత్వం 1950లో ఆయనను ఖైదు చేసింది. 1955లో విడుదలయ్యాడు. ఆ మైనపు గొట్టాలు నాశనమైపోయాయని లోకం చాలాకాలం అనుకొన్నది. 1990లలో అవి కీవ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయని బయటపడింది.

1970ల చివర అమెరికాలో ఆండీ స్టాట్‌మన్, జెవ్ ఫెల్డ్‌మన్ అనే యువకులు ముసలివాడైన డేవ్ టారస్ దగ్గరకు వెళ్ళి కూర్చొని నేర్చుకొన్నారు. ఇంకా కొందరు పాత రికార్డులు వెదికి వాయించసాగారు. మనవళ్ళు అడిగారు గనుక తాత చెప్పాడు. సంతోష స్వరం మళ్ళీ వినబడింది.

మన పొరుగున

ఇదంతా దూరదేశపు సంగతి అనుకోవద్దు. మన దక్షిణదేశంలోనే కొచ్చి యూదులు ఉండేవారు. వారి ఆడవారు పెండ్లి పాటలను, బైబిలు కథల పాటలను మలయాళంలో పాడేవారు. ఆ పాటలను చేతిరాత పుస్తకాలలో రాసుకొని తల్లి కూతురికి అందించేది. 1950లలో వారిలో ఎక్కువమంది ఇశ్రాయేలుకు తరలిపోయారు. వారితో ఆ నోటుపుస్తకాలు కూడా వెళ్ళాయి. పండితులు వాటిని సేకరించి, ముసలమ్మల చేత పాడించి, 2005లో పుస్తకంగా అచ్చువేశారు. ఒక పాటల పుస్తకం పెట్టెలో మడతపెట్టిన చీరల మధ్య ఉన్నందువల్ల ఒక జనుల సంతోషం మిగిలిందన్నమాట.

తెలుగువారిలోనూ ఉన్నారు. కృష్ణ దాటి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1991లో ఒక సమాజమందిరం వెలిసింది. బెనె ఎఫ్రాయిము అని తమను పిలుచుకొనే తెలుగు కుటుంబాలు అక్కడ విశ్రాంతిదినాన్ని ఆచరిస్తున్నాయి. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలలో పుట్టినవారు, ఒకప్పుడు బాప్టిస్టు సంఘాలలో ఉన్నవారు. మెస్సీయను గూర్చి వారి నమ్మిక వేరు, మన నమ్మిక వేరు. అయినా మన భాష మాట్లాడే, మన రక్తసంబంధులైన జనులే. వారిని ఎగతాళి చేయడం మనకు తగదు.

అటకమీది డప్పు

ఇక మన సహోదరి ప్రశ్నకు వద్దాం.

మన పెద్దలు డప్పు ఎందుకు విడిచిపెట్టారు? 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య గారు ప్రభువును అంగీకరించిన నాటినుండి ఈ మెట్టలో సువార్త పల్లె పల్లెకూ పాకింది. 1866లో క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చిన తరువాత అక్కడి మాదిగ పల్లెలలోనూ అలాగే జరిగింది. డప్పు కొట్టడం అప్పుడు ఇష్టపడి చేసే కళ కాదు. గ్రామదేవత జాతరకు, చావుకు, దండోరాకు పిలిచినప్పుడల్లా వెళ్ళి కొట్టవలసిన వెట్టి. క్రీస్తు బిడ్డలమైన మేము విగ్రహం ఎదుట డప్పు కొట్టము అని వారు చెప్పినందుకు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకొన్నారు. ఆ డప్పును అటకమీద పెట్టడం ఆనాడు ఒక సాక్ష్యం. ఆ పెద్దల త్యాగాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు మనకెవరికీ లేదు.

కాని వారు విడిచింది విగ్రహారాధనను, వెట్టిని. తోలును, కర్రను, తాళాన్ని దేవుడు ఎక్కడా నిషేధించలేదు. 150వ కీర్తన చదివి చూడండి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) తెలుగు రాగాలలో, తెలుగు తాళాలలో కీర్తనలు రాసి మన నోట పెట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం పేర్లు నేటికీ కనబడతాయి. రాగం లోపలికి వచ్చినప్పుడు దరువు ఎందుకు బయట నిలబడాలి? ఉన్నమాట చెప్పుకొంటే, ఇప్పుడు డప్పు వద్దనడంలో భక్తి కొంత, కులం బయటపడుతుందన్న సిగ్గు కొంత కలిసి ఉన్నాయి. క్రీస్తులో ఆ సిగ్గుకు చోటు లేదు. వెట్టిగా కొట్టినప్పుడు అది అవమానం. మనవడి పెండ్లిలో తాత ఇష్టపడి కొడితే అది స్తుతి.

డీజే సంగతి కూడా చెప్పాలి. పిల్లల సరదాను కోపగించుకోనక్కరలేదు. యేసు ప్రభువు కానాలో పెండ్లివారి సంతోషాన్ని నిలబెట్టాడు గాని ఆర్పలేదు. సంత వీధిలో పిల్లలు పెండ్లి ఆట ఆడుకోవడం ఆయన చూసి ఉపమానంగా చెప్పాడు. కాని ఆ పెద్ద బాక్సుల ముందు ఎవరూ పాడలేరు. ముసలివారు, చంటిబిడ్డలు, గుండెజబ్బువారు ఆ మోతకు తాళలేరు. మనుషులు పాడడం మానివేసిన పెండ్లిలో చప్పుడు ఎంత ఉన్నా పెండ్లికుమార్తె స్వరం వినబడదు.

కాబట్టి అమ్మా, మీ మామగారి కోరిక న్యాయమైనదే. ముందుగా మీ సంఘకాపరిగారితో మాట్లాడండి. తరువాత మీరూ మీ భర్తగారూ వియ్యాలవారింటికి వెళ్ళి, ఈ సంగతులన్నీ మెల్లగా చెప్పండి. మామగారినే వెంటబెట్టుకొని వెళితే ఇంకా మంచిది. గుడిలో ఆరాధన క్రమానికి కీబోర్డు ఉండనివ్వండి. ఎదురుకోలుకు, పందిట్లో విందు తరువాత డప్పు, పాట పెట్టుకోండి. తాగినవారిని దగ్గరకు రానివ్వకండి. ఇంత చెప్పినా వియ్యాలవారి మనస్సు నొచ్చుకొంటే, రోమా 14వ అధ్యాయం జ్ఞాపకం చేసుకొని ప్రేమకోసం పెండ్లినాడు ఆపండి. మరునాడు మీ ఇంటి వాకిట తాతగారిచేత వాయించండి. తగవు పెట్టుకొని కొట్టించిన డప్పు సంతోష స్వరం కాదు.

వాయిద్యకారులను పిలిస్తే కూలి ముందే మాట్లాడుకొని పూర్తిగా ఇవ్వండి. వారిని ఆఖరి బంతికి నిలబెట్టకండి. పెండ్లివారితోపాటు మొదటి బంతిలో కూర్చోబెట్టి వడ్డించండి. కానా విందులో నీళ్ళు మోసిన పనివారికే ఆ ద్రాక్షారసం ఎక్కడనుండి వచ్చిందో తెలిసింది, విందు ప్రధానికి తెలియలేదు. ఆ మాట మన పందిళ్ళలో మరచిపోతున్నాము.

ఈ నెల ఇంటిలో చేయదగినవి

1. మీ ఇంట్లో గాని వీధిలో గాని పాత పెండ్లి పాటలు, అప్పగింతల పాటలు వచ్చిన అవ్వ ఉంటే, పిల్లలను ఆమె దగ్గర కూర్చోబెట్టి నోటుపుస్తకంలో రాయించండి. ఫోనులో గొంతు కూడా పట్టి ఉంచండి. పాట ఎవరు నేర్పారో, ఏ ఊరినుండి వచ్చిందో పక్కన రాయండి.

2. స్త్రీల సమాజంవారు ఆ పాటలలో మన విశ్వాసానికి తగినవి ఏరి, తగని మాటలున్నచోట మాటలు మార్చి, వరుసను మాత్రం పోనివ్వక నేర్చుకోండి.

3. కుటుంబ ప్రార్థనలో యిర్మీయా 25:10, 33:10–11 ఒకదాని తరువాత ఒకటి చదివి, మన ఊళ్ళో ఏ సంతోష స్వరాలు ఆగిపోయాయో పిల్లలతో మాట్లాడండి.

4. ఈ వేసవిలో పెండ్లి ఉన్న ప్రతి ఇంటివారు, పందిట్లో కనీసం ఒక గంట బాక్సులు ఆపి, మనుషులు పాడే పాటకు చోటు ఇవ్వండి.

పాడైన చోట పెండ్లి పాట తిరిగి వినిపిస్తానన్న దేవుడు మీ పందిళ్ళలో ఆ స్వరాన్ని నిలుపును గాక. ఆమేన్.